యంత్రం కొట్టే దెబ్బను వినడం ఎలా?

బద్వేలు చుట్టుపక్కల హారతి వేళకు గుడి ముందు నిలబడితే చాలాచోట్ల ఒక యంత్రం మోత వినిపిస్తుంది. ఇనుప చట్రంలో ఒక నగారా, ఒకట్రెండు గంటలు, పక్కన తాళం, కింద మోటారు. స్విచ్చి వేయగానే బెల్టు తిరుగుతుంది, కడ్డీలు లేచి పడతాయి, అన్నీ కలిసి మోగుతాయి. ఆ యంత్రం దరువు దాని ఇనుములోనే ఉంది. కడ్డీని ఎక్కడ బిగించారో అక్కడే దెబ్బ. శ్రీరామనవమికీ అదే దరువు, కార్తీక సోమవారానికీ అదే దరువు. మార్చాలంటే యంత్రాన్ని విప్పి మళ్లీ బిగించాలి.

ఈ పూట మీకు పరిచయం చేస్తున్నది దీని తర్వాతి మెట్టు. ఇక్కడ దరువు ఇనుములో ఉండదు, కబురుగా తీగ వెంట వస్తుంది. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే, అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఆ కబురు చదువుకుని ఒక కాయిల్‌కు కరెంటు వదులుతుంది. కాయిల్‌లోని ఇనుప కడ్డీ ముందుకు దూకి పలక అనే తోలు వాద్యాన్నో గంటనో కొడుతుంది. చూడ్డానికి ఇది కరెంటు పని. వినడం తెలిస్తే ఇది సంగీతం. ఎలా వినాలో తెలియాలంటే ముందు ఆ బోర్డు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోవాలి.

ఆ కబుర్ల భాష పేరు మిడి. 1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ కీబోర్డుకు అర్థమయ్యేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి చొరవ తీసుకుని అందరికీ కలిపి ఒకే పద్ధతి కుదిర్చారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. ఆ పనికి 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. సినిమా పాటల రికార్డింగుల్లోనూ, పెళ్లి కచేరీల కీబోర్డుల్లోనూ అదే.

మిడిలో శబ్దం ఉండదని ముందుగా గుర్తుంచుకోండి. మన తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనల రాగి రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఏ అక్షరం ఏ స్వరం మీద పడాలో, ఎంతసేపు నిలవాలో రాసి లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిలో ఎన్నింటికో మళ్లీ వరసలు కట్టాల్సి వచ్చింది. మిడి సరిగ్గా దానికి ఎదురు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నవన్నీ అందులో ఉంటాయి. మాట ఉండదు, గొంతు ఉండదు, వాద్యమూ ఉండదు. వాద్యాన్ని మనమే తెచ్చిపెట్టాలి. మన ఊరి పలకను, మన చెక్కభజన చిడతలను, మన గంటను తెచ్చి ఎదురుగా పెట్టే వీలు అక్కడే దొరుకుతుంది.

మీట నొక్కగానే వెళ్లే కబురు మూడు ముక్కలు. మొదటి ముక్క, మీటను నొక్కారా వదిలారా, ఉన్న 16 ఛానెళ్లలో ఇది ఏ ఛానెల్‌ది అని చెబుతుంది. రెండోది మీట సంఖ్య, 0 నుంచి 127 దాకా. పియానో నడుమ ఉండే సి మీట 60. మూడోది దెబ్బ బలం, అదీ 0 నుంచి 127 దాకానే. ఈ మూడు ముక్కలూ తీగ దాటడానికి పట్టే సమయం సుమారుగా సెకనులో వెయ్యో వంతు. 

కబురు బోర్డుకు చేరే చోట ఆప్టో కప్లర్ అనే చిన్న చిప్ ఉంటుంది. దాని కడుపులో ఒక బుల్లి దీపం, దాన్ని చూసే ఒక కన్ను. వచ్చిన కరెంటు దీపాన్ని వెలిగిస్తుంది, కన్ను ఆ వెలుగును చూసి అవతలికి చెబుతుంది. కీబోర్డు కరెంటూ బోర్డు కరెంటూ ఒకదాన్నొకటి తాకవు. అందువల్ల స్పీకర్లలో గుయ్యిమనే హమ్ చేరదు, ఒకవైపు ఏదైనా కాలినా రెండోవైపు క్షేమంగా ఉంటుంది.

తర్వాత పంపకం. ఏ సంఖ్యకు ఏ తీగ తెరవాలో ప్రోగ్రాములో రాసుకుంటాం. తాళవాద్యాలకు ప్రపంచమంతా అంగీకరించిన వరస ఒకటి ఉంది. పదో ఛానెల్‌లో 36 అంటే పెద్ద డ్రమ్ము, 38 అంటే స్నేర్ డ్రమ్ము, 42 అంటే మూసిన తాళం. 36కు పలకను, 38కు చిడతలను, 42కు కంచు తాళాన్ని కట్టారనుకోండి, ఎక్కడో ఎవరో రాసిన దరువు కూడా మన వాద్యాల మీద మోగుతుంది.

బోర్డు పిన్ను నుంచి వచ్చే కరెంటు బహు తక్కువ, చిన్న దీపానికి సరిపోతుంది. కాయిల్‌కు 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు దాకా కావాలి. అందుకే మధ్యలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరును తలుపుగా పెడతాం. కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ వేస్తాం, దాని చార ప్లస్ వైపు ఉండాలి. కరెంటు ఆపిన క్షణాన కాయిల్ ఎదురు తన్నుతుంది. డయోడ్ లేకపోతే ఆ తన్నుకు ట్రాన్సిస్టరు పోతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బోర్డు పిన్నుకు తెలిసిన మాటలు రెండే: ఉంది, లేదు. మెల్లగా, గట్టిగా అనేవి దానికి తెలియవు. మరి కీబోర్డు మీద మెత్తగా నొక్కితే పలక మెత్తగా ఎలా పలుకుతుంది? జవాబు కాలంలో ఉంది. తలుపును ఎక్కువసేపు తెరిస్తే కడ్డీ వేగం పుంజుకుని గట్టిగా తగులుతుంది. కొద్దిసేపే తెరిచి మూస్తే సగం ఊపుతో వెళ్లి మెల్లగా తాకుతుంది. బలాన్ని సూచించే సంఖ్యను ప్రోగ్రాము ఇలా సెకనులో వెయ్యో వంతుల లెక్కలోకి మారుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది విడుపు. గంటను కొట్టిన కడ్డీ వెంటనే వెనక్కి రావాలి. క్షణం ఆలస్యమై గంటకు ఆనుకుని ఉంటే నాదం అక్కడే చచ్చిపోతుంది, టక్కుమనే చప్పుడే మిగులుతుంది. పలక మీదా అంతే. వాయించే మనిషి మణికట్టు దెబ్బ పడీపడగానే కర్రను తోలు మీంచి లేపేస్తుంది. ఆ లేపడంలోనే పలక గొంతు తెరుచుకుంటుంది. కొన్ని దెబ్బలకు కావాలనే కర్రను తోలుకు అదిమి పడతారు, అక్కడ మూసిన ధ్వని వస్తుంది. తెరిచిన దెబ్బ, మూసిన దెబ్బ, ఈ రెండింటితోనే దరువులు మాట్లాడతాయి. యంత్రానికి ఇది నేర్పడానికి కూర్చున్నప్పుడే మనిషి మణికట్టు ఎంత పని చేస్తోందో తెలిసొస్తుంది.

మరో సంగతి బరువు. పెద్ద గంటను కొట్టే సుత్తి బరువైనది, కదలడానికి సమయం తీసుకుంటుంది. చిడతను తాకే సన్న కర్ర చప్పున వెళ్లిపోతుంది. రెండింటికీ ఒకేసారి కబురు పంపితే చిడత ముందు, గంట వెనక. చెవికి ఒకేసారి వినపడాలంటే గంట కబురు ముందుగా పంపాలి.

యంత్రం చేత వాద్యం వాయించడాన్ని కళగా పండించినవారు ఉన్నారు. కాన్లన్ నాన్‌కారో అమెరికాలో పుట్టి మెక్సికోలో స్థిరపడిన స్వరకర్త. తనంతట తాను మోగే పియానో కోసం కాగితపు చుట్టల మీద చేత్తో రంధ్రాలు పొడిచి, ఏ చేతులకూ సాధ్యంకాని లయలను పలికించారు. ఆయన 1997లో కన్నుమూశారు. గిటారు విద్వాంసుడు పాట్ మెథీనీ 2010లో విడుదల చేసిన ‘ఆర్కెస్ట్రియన్’ ఆల్బమ్‌లో గదినిండా డ్రమ్ములు, గంటలు, పియానో అన్నీ కాయిల్స్‌తోనూ గాలి ఒత్తిడితోనూ మోగాయి. ఆ బృందం మధ్య ఆయన గిటారు వాయించారు. మనిషి ఊహ చేతులను దాటి ఎంత దూరం పోగలదో ఇద్దరి యంత్రాలూ చూపించాయి.

మనిషిని తప్పించడానికి యంత్రాన్ని తేకూడదన్న మాట మన దగ్గర మరీ అవసరం. చెక్కభజనలో గురువు అడుగు మారితే వాయిద్యం మారుతుంది. ఆడేవాళ్లకు ఊపిరి ఆడకపోతే డోలక్ వాయించే ఆయన గమనించి కాస్త నెమ్మదిస్తాడు. రాసిపెట్టిన దరువుకు కళ్లు లేవు. కాబట్టి పలక వాయించే కళాకారుడి కూలి మిగుల్చుకోవడానికి ఈ బోర్డును తెచ్చిపెడితే కళా పోతుంది, కడుపూ కాలుతుంది. దీన్ని చెవికి బడిగా వాడుకుంటే ఆ కళాకారుడు చేస్తున్నదేమిటో మనకు మొదటిసారి విడివిడిగా వినిపిస్తుంది.

యంత్రం కొట్టే వాద్యం ఎక్కడైనా మీ చెవిన పడితే మూడు సంగతులు గమనించండి. దెబ్బ తర్వాత నాదం నిలిచిందా, తెగిందా? అన్ని దెబ్బలూ ఒకే బలంతో ఉన్నాయా, కొన్ని తగ్గి కొన్ని లేస్తున్నాయా? చిన్న వాద్యమూ పెద్ద వాద్యమూ కలిసి పడుతున్నాయా, ఒకటి వెనకబడుతోందా? ఈ మూడూ సరిగ్గా ఉంటే దాని వెనక మంచి చెవి ఉన్న మనిషి కూర్చున్నట్టే. అవే ప్రశ్నలతో రేపు జాతరలో పలకలు వినండి. ఎన్నాళ్లుగానో వింటున్న దరువులో కొత్త అందాలు దొరుకుతాయి.

ఎలక్ట్రానిక్స్ చదువుకునే మన పిల్లలకు చివరిగా ఒక మాట. బోర్డుకు సోల్డరింగ్ చేయడం కొద్ది రోజుల్లో వస్తుంది. కాయిల్‌ను ఎంతసేపు తెరవాలో, ఎప్పుడు వదలాలో ఏ పుస్తకమూ చెప్పదు. అది మీ ఊళ్లో పలక వాయించే పెద్దాయనకు తెలుసు. బోర్డు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన్ని వాయించమనండి, యంత్రం చేత వాయించి వినిపించండి, తేడా ఎక్కడుందో అడగండి. ఆయన సరేననే దాకా ప్రోగ్రాము దిద్దండి. ఈ విద్యలో గురువు ఆయనే.