తెల్లబరచు లేపములు

పశ్చిమదేశములందు తెల్లని మేనివారు చర్మము కమలకుండ ఎండలో నల్లబడుటకై లేపనములు పూసికొందురు. మన ఉద్దానమున జీడితోటలలోను, కొబ్బరితోటలలోను తిరిగి నల్లబడిన బిడ్డలు తెల్లబడుటకై ముఖమునకు మందులు రాయుచున్నారు. ఎవరికి లేని రంగు వారికి ముద్దు కాబోలు!

మేనికి నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థము ఎండతాపమునకు పట్టిన గొడుగు వంటిది. అది పుట్టకుండ చేయుటకై కొన్ని లేపములలో పాదరసము కలుపుదురు. మన దేశమున 2020 నాటి నియమములు దీనిని నిషేధించినవి. అయినను దొంగసరకు వచ్చుచునే యున్నది. ఆ పాదరసము చర్మముగుండ నెత్తురున జేరి మూత్రపిండములను చెరచును. కేరళలోని మలప్పురము ప్రాంతమున ఇట్టి రోగులను వైద్యులు 2023లో వెల్లడించిరి. లేపము మానిన పిదప వారిలో పెక్కురు కోలుకొనిరి.

ఉద్దానపు మూత్రపిండవ్యాధికి ఈ లేపములే మూలమని నేననుట లేదు. ఆ వ్యాధికై 2023 డిసెంబరున పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియే వెలసినది. అట్టి గడ్డపై మరియొక విషమును డబ్బిచ్చి కొనుట యేల? పెండ్లిచూపులలో పిల్ల చాయ నడుగువారము మనమే గదా!

చేసినవాని పేరు, కలిపిన సరకుల పట్టిక లేని డబ్బీని పలాసలో గాని, టెక్కలిలో గాని కొననీయకుడు. రాసికొనువారికి కాళ్లు, మొగము ఉబ్బినను, మూత్రము నురుగు కట్టినను, ఆ డబ్బీని వెంట గొనిపోయి వైద్యునకు చూపి మూత్రపరీక్ష చేయింపుడు.