కాయకే కాదు, కట్టెకూ లెక్క కట్టాలి

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వానకు చెనక్కాయ దెబ్బతినిందంటే అధికారులు వచ్చి కాయ చూస్తారు. విలేకరులు మొలకొచ్చిన కాయను ఫోటో తీస్తారు. పక్కనే నల్లబడిన కట్టె గురించి అడిగేవాళ్లు ఉండరు. ఈరోజు నేను ఆ కట్టె గురించే మాట్లాడతాను. కాయ పోతే ఒక పంట పోతుంది. కట్టె పోతే ఎండాకాలమంతా పాడి పోతుంది.

కుప్పం, పలమనేరు, పుంగనూరు పక్క జూన్, జులైలో వేసిన చెనక్కాయను అక్టోబరు, నవంబరులో పెరుకుతాం. ఈశాన్య రుతుపవనాలు వచ్చేదీ అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి చుట్టూ కురిసిన వానలు, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపాను మీకు గుర్తే.

తడిస్తే ఏమి, మళ్లీ ఎండితే మేతే కదా అంటారు. కాదు. పెరికిన చెట్టు ఆరేదాకా బతికే ఉంటుంది. ఆరడం ఆలస్యమయ్యే కొద్దీ తనలోని చక్కెరను తానే కాల్చుకుంటుంది. వాన ఆ చక్కెరనూ, ఉప్పులనూ కడిగేస్తుంది. పచ్చి చెట్టు మీద పడిన వాన కంటే, దాదాపు ఎండిన ఓదె మీద పడిన వానతోనే నష్టం ఎక్కువ. తడిసిన ఓదెను మళ్లీ తిప్పి ఆరబెడితే ఆకు రాలిపోతుంది. బలమంతా ఉండేది ఆ ఆకులోనే. మంచి చెనక్కాయ కట్టెలో మాంసకృత్తులు సుమారు 10 శాతం ఉంటాయి, వరిగడ్డిలో 3, 4 శాతమే. ఆకు రాలిన కట్టె వరిగడ్డి దారి పడుతుంది. ఆవు అదే మోపు తింటుంది, పాలు తగ్గుతాయి. ఆ లోటు పూడ్చడానికి మనం దాణా మూటలు కొంటాం.

ఇంతకంటే పెద్ద ముప్పు బూజు. గుర్రాలు పెంచేవాళ్లు బూజు పట్టిన ఎండుగడ్డిని దగ్గరికి రానివ్వరు. గుర్రానికి దగ్గు, కడుపునొప్పి వెంటనే బయటపడతాయి. ఆవు తట్టుకుంటుందిలే అని మనం వేస్తాం. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ పిండి అని తేలింది. ఆ విషం పేరే అఫ్లాటాక్సిన్. మేతలో ఉంటే అది పాలలోకీ దిగుతుంది. కాచినా పోదు. పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాముకు మించకూడదని మన దేశ ఆహార ప్రమాణం చెబుతోంది. ఆ పాలు తాగేది మన పిల్లలు కూడా.

మన చేతిలో ఉన్న పని చేద్దాం. పెరికే ముందు వాతావరణ సూచన చూడండి. మేఘదూత్ యాప్ తెలుగులోనూ ఉంది. పెరికిన చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టండి. వామి నేల మీద వేయొద్దు, కింద రాళ్లో కొయ్యలో పరచండి. తడి ఉన్న కట్టెను వామి వేస్తే లోపల ఉడుకుతుంది. వారం తర్వాత చెయ్యి దూర్చి చూడండి, వేడి తగిలితే విప్పి ఆరబెట్టండి. బూజు పట్టినదాన్ని మంచిదాంట్లో కలపొద్దు, దిబ్బలో వేయండి. చూలు ఆవుకు, పాలిచ్చే ఆవుకు అసలే వద్దు.

మిగతాది ప్రభుత్వం చేయాలి. మీ పంటకు ఏ బీమా వర్తిస్తుందో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఫసల్ బీమా అయితే, కోసి పొలంలో ఆరబెట్టిన పంట అకాల వానకు, తుపానుకు దెబ్బతింటే 14 రోజుల వరకు రక్షణ ఉంది. 72 గంటల్లోపు నష్టం తెలియజేయాలి. వాతావరణ ఆధారిత బీమాలో లెక్క వాన కొలతలను బట్టే. ఏ పథకంలోనైనా కట్టెకు విలువ కట్టడం లేదు.

అందుకే మనం అడుగుతున్నది మూడే. వాన నష్టం రాసేటప్పుడు మేత నష్టానికి వేరే గడి పెట్టాలి. కోతలకు ముందే సబ్సిడీ మీద టార్పాలిన్లు ఇవ్వాలి. మేత పోయిన మండలాలకు ఎండాకాలం రాకముందే గడ్డి చేర్చాలి.

ఈసారి సర్వేకు వచ్చినప్పుడు కాయ చూపించి ఊరుకోకండి. వామి దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ఎన్ని బండ్ల కట్టె పోయిందో కాగితం మీద రాసి ఇచ్చి, దానికి రసీదు అడగండి. ఊరూరా ఆ కాగితాలు పోగైతేనే కలెక్టరు ముందు మన మాటకు బలం.

సెలవు.