ఇల్లు అమ్మే వేళ ఆమె మాట

(జనగామలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఇళ్లు అమ్మడం గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కొంచెం ఆశ్చర్యపోయారు. నిజమే, ఇన్నేళ్లుగా మనం ఆడవాళ్ల పేరున ఇంత జాగా ఉండాలని కొట్లాడుతున్నాం. విసునూరు దొర మీద పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డ నేల ఇది. ఇక్కడ కూర్చుని అమ్మకం మాట ఎత్తడమేమిటని మీకూ అనిపించవచ్చు.

కానీ మన దగ్గరికి వచ్చే ముసలివాళ్లను గుర్తు చేసుకోండి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు ఎవరూ కన్నెత్తి చూడని గల్లీలో ఇంటిజాగా గజాల లెక్కన బేరానికొచ్చింది. పిల్లలు హైదరాబాదుకో, ఇంకా దూరానికో పోయారు. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, చాలాసార్లు ఒక్క ముసలామె. మోకాళ్లు ఆడవు, పెంకులు సర్దేవాడు దొరకడు, దవాఖాన అప్పు ఉంటుంది. ఇల్లు అమ్మాలనుకోవడం ఎప్పుడూ అన్యాయమే కాదు. కొన్నిసార్లు ఆమెకే అవసరం. ఆ అమ్మకం ఆమె కాళ్ల కింది చాప లాగినట్టు జరుగుతుందా, ఆమె లేచి నిలబడ్డాక జరుగుతుందా అన్నదే నేను మాట్లాడదలచుకున్నది.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. జనగామలో ఒక అవ్వ, ఎనభైకి దగ్గర. పెంకుటిల్లు, ముందర అరుగులు, పెరట్లో చేదబావి. పెనిమిటి పోయి ఆరేడేళ్లు. ఇద్దరు కొడుకులు హైదరాబాదులో, ఇద్దరు బిడ్డలు అత్తగారి ఊళ్లలో. చిన్నకొడుకు తన దగ్గరికి తీసుకుపోతానన్నాడు. మంచివాడే. ఇల్లు కొనేవాళ్లూ దొరికారు. కాగితాల్లో మోసం లేకుండా చూడమని నన్ను పిలిచారు. "అమ్ముతవా అవ్వా?" అని అడిగాను. "అమ్మక ఏం జేస్త బిడ్డా" అన్నది. నేను దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

మూడో వారానికే అందరం రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్నాం. దస్తావేజు తయారు, సాక్షులు తయారు. ఫోటోకూ వేలిముద్రకూ పిలిచే వేళకు అవ్వ లేచి, "ఇయ్యాల దీపం పెట్టలే, నన్ను ఇంటికి తీస్కపో" అన్నది. ఎంత చెప్పినా కూర్చోలేదు. కొనేవాళ్లు బయానాకు రెట్టింపు కట్టమన్నారు. కొడుకు తల దించుకున్నాడు. ఆటోలో నేను ఆమె మీద విసుక్కున్నాను. హక్కుల గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను, నా పొద్దంతా పాడైందన్న కోపంతో ఒక ముసలామెను గదమాయించాను. ఆమె ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాత నాలుగైదుసార్లు ఊరికే పోయి అరుగు మీద కూర్చున్నాను. ఇల్లు మాట ఎత్తలేదు. ఒకరోజు తనే అన్నది: "బతుకమ్మకు నా బిడ్డలు ఏ ఇంటికొస్తరే?" కొడుకు ఇంటికి రావచ్చు కదా అన్నాను. "అది వాళ్ల అన్న ఇల్లు. తల్లిగారిల్లు గాదు" అన్నది. యాభై దాటిన ఆడబిడ్డల తల్లిగారిల్లు తన వేలిముద్రతో పోతుందని ఆమె దిగులు. ఈ ముక్క మా ఒప్పంద కాగితంలో ఎక్కడా లేదు. కొడుకులు అడగలేదు, నేనూ అడగలేదు.

పెద్దమనుషుల ద్వారా కొనేవాళ్లతో మళ్లీ మాట్లాడాం. బతుకమ్మ పండుగ దాటేవరకు ఆగారు, రెట్టింపు మాట వదిలేశారు. ఆ ఏడు బిడ్డలిద్దరూ పిల్లలతో వచ్చి తొమ్మిది రోజులూ అక్కడే ఉన్నారు. ఒప్పందంలో ఇంకో రెండు మాటలు చేర్చాం. సొమ్ము మొత్తం ముట్టినంక కూడా ఇల్లు ఖాళీ చేయడానికి రెండు నెలలు. ముందరి టేకు దర్వాజ, రోలు, సన్నెరాయి అవ్వవి. దర్వాజను హైదరాబాదు అపార్టుమెంటులో ఏం చేస్తారని కొనేవాళ్లు నవ్వారు. నిజానికి దాన్ని పెద్దబిడ్డ తీసుకుపోయి తన ఇంటికి పెట్టించుకుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇల్లు ఎవరిది? పెనిమిటి కష్టార్జితం, వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, బిడ్డలకు, బతికుంటే అతని తల్లికి సమాన వాటాలు. ఈ అవ్వ ఇంట్లో అయిదు వాటాలన్నమాట. ఆమె వాటా ఆమె సొంతం, 1956కు ముందు లాగా బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రమే కాదు. అంటే రెండు సంగతులు. ఆమె సంతకం లేకుండా కొడుకులు మొత్తం ఇల్లు అమ్మలేరు. ఆమె సంతకం ఒక్కటే కూడా చాలదు, బిడ్డలవీ కావాలి. మన దగ్గర బిడ్డల సంతకం ఎట్లా తీసుకుంటారో మీకు తెలుసు. చీర పెట్టి, బువ్వ పెట్టి, "ఇక్కడొక సంతకం" అంటారు. విచిత్రమేమంటే ఈ అవ్వే నాతో, "బిడ్డలకు కట్నమిచ్చినం గద, వాళ్లకెందుకు పైసలు" అన్నది. ఇక్కడ మనం ఎవరి పక్షం? తల్లి మాట వినాలని ఇప్పటిదాకా చెప్పి, ఈ మాట మాత్రం వినొద్దంటే ఎట్లా? నేను ఆమె వాటా ఏమిటో, బిడ్డల వాటా ఏమిటో విడివిడిగా చెప్పాను. నీ వాటా నీ ఇష్టం, వాళ్లది వాళ్ల ఇష్టం అన్నాను. వారం పది రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఎవరి పైసలు వాళ్ల ఖాతాల్లో పడ్డాయి. చిన్నబిడ్డ తన వాటాలో కొంత తల్లి పేరుకే మార్చింది, అది ఆమె ఇష్టం.

మహబూబాబాద్ మిత్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులోనే ఉంది. తండాల్లో ఆడబిడ్డకు ఏమీ రాదని పెద్దమనుషులు తేల్చేది ఆ ధైర్యంతోనే. కానీ 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక ఆదివాసీ కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు వాళ్లను పక్కన పెట్టడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. తండాల్లో పనిచేసేవాళ్లు ఈ తీర్పు గురించి చెప్పాలి.

బయానా ఎప్పుడూ నోటిమాట మీద, చేతి రొక్కంగా తీసుకోనివ్వకండి. ఇరవై వేలు, ఆ పైన రొక్కంగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అటుంచి, రొక్కం పొద్దుగూకే లోపల ఎవరి జేబులోకో పోతుంది. ఖాతా ఆమె ఒక్కదాని పేరున ఉండాలి. బ్యాంకు ఫోను ఎవరి దగ్గరుందో చూడండి. ఫోను మనుమడి చేతిలో ఉంటే ఖాతా కూడా మనుమడిదే అనుకోండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టమని ఎవరైనా తొందర పెడితే ఆపండి. అట్లాంటి కాగితంతో ఇల్లు అమ్ముడుపోయినట్టు కాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ముసలామె ఆఫీసు మెట్లెక్కలేకపోతే? 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే దారి ఉంది. రోగంతోనో వృద్ధాప్యంతోనో కదలలేనివాళ్ల ఇంటికే అధికారి రావచ్చు. దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, అంతే. కానీ అది అడగాలని తోచక మంచంతో సహా మోసుకుపోయిన వాళ్లను చూశాను. ఇంట్లో తన మంచం మీద కూర్చుని వేలిముద్ర వేసే మనిషి, దస్తావేజు చదివి వినిపించమని ధైర్యంగా అడుగుతుంది. ఆఫీసు వరుసలో అడగలేదు. ఈ సాయం కోసం వకీలు కావాలంటే, 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా దొరుకుతాడు. 15100కు ఫోను చేయవచ్చు. పెద్దవాళ్ల సాయం కోసం 14567 వేరే ఉంది.

ఇక బయ్యారం వైపు సంగతి. అక్కడ అందరూ ఒకే రకంగా ఆలోచించరని ముందే చెబుతున్నాను. ఒక గిరిజనేతర దంపతులు, చిన్న దుకాణం, వెనక ఇల్లు. యాభై ఏళ్లుగా అక్కడే. బిడ్డ దగ్గరికి పోదామనుకున్నారు. ఏజెన్సీలో 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని 1970లో గట్టిపరిచిన ఒకటవ నిబంధన, మనం 'వన్ సెవెంటీ' అంటాం కదా, అది అమల్లో ఉంది. గిరిజనేతరుడు గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ అమ్మలేడు. ఒక దళారి వచ్చి తెల్లకాగితం మీద రాసుకుందాం, మంచి ధర ఇప్పిస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆమె మాత్రం మా సంఘానికి కబురు పెట్టింది.

మేం కుదరదన్నాం. ఆ చట్టం కోయల, లంబాడీల భూమిని కాపాడడానికి వచ్చింది. ఒక ముసలి జంట మీది జాలితో దానికి కన్నం పెట్టే పనిలో మనం సాక్షులం కాకూడదు. పెద్దాయన నా మొహం మీదే, "మీరు ఆళ్ల సంఘమా, మా సంఘమా?" అన్నాడు. ఆ కోపంలో న్యాయముంది, ఎందుకంటే ధరలో తేడా వాళ్ల ముసలితనపు మందుల ఖర్చు. గిరిజనుల్లో కొనేవాళ్లు దొరకకపోతే ప్రభుత్వమే తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకునే దారి ఆ నిబంధనలోనే ఉంది. కానీ దాని వెంట తిరగడానికి కాళ్లు కావాలి. అదృష్టవశాత్తు ఒక గిరిజన ఉద్యోగి కుటుంబం ముందుకొచ్చింది. దళారి చెప్పిన ధర కంటే బాగా తక్కువ. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఆమె ఒక్కసారి కూడా మమ్మల్ని తిట్టలేదు, ఆయన ఒక్కసారి కూడా పలకరించలేదు.

భూపాలపల్లిలో నేను ఎక్కువగా చూసింది అమ్మకం కాదు, గిఫ్టు. బొగ్గుబాయి నుంచి రిటైరైన మనిషి క్వార్టరు ఖాళీ చేయాలి. వచ్చిన సొమ్ముతో చిన్న ఇల్లు కట్టుకుంటారు. ఆయన పోయాక ఆ ఇల్లు కొడుకు పేరున గిఫ్టు రాయమంటారు. ఆమె రాస్తుంది. తర్వాత కొడుకు అమ్ముకుంటాడు, ఆమె సామాను బయట ఉంటుంది. (ఓపెన్‌కాస్టు కింద ఇల్లు పోయినవాళ్ల కథ వేరు. దాన్ని అమ్మకం అనడానికి నాకు నోరు రాదు, ఇంకోసారి మాట్లాడుకోవాలి.)

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఇందుకోసమే. చూసుకుంటాననే షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ బదలాయింపును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మన జిల్లాల్లో ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో ఆఫీసే. చిక్కంతా 'షరతు' అన్న మాటలో ఉంది. షరతు ఉన్నట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి విశాలంగా చూడాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన గిఫ్టును రద్దు చేసింది. రెండో తీర్పు ఉంది కదా అని ఊరుకోకండి. గిఫ్టు రాయక తప్పదంటే, 'నా పోషణ, వైద్యం, ఈ ఇంట్లో నా నివాసం చూసుకోవాలనే షరతు మీద' అన్న ఒక్క వాక్యం అందులో పడేట్టు చూడండి. ఆ వాక్యం రాయమంటే మొహం మాడ్చుకునే కొడుకు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇదే చట్టాన్ని కోడలిని వెళ్లగొట్టడానికి వాడుతున్నవాళ్లూ ఉన్నారు. కొడుకు పెళ్లాన్ని వదిలేస్తాడు, ఇల్లు అత్త పేరున ఉంటుంది, అత్తతో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టిస్తారు. గృహహింస చట్టం కింద కోడలికున్న నివాస హక్కును ఈ దారిన తుడిచేయడానికి వీల్లేదని 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్త మన దగ్గరికి వచ్చిందంటే, కోడలు ఎక్కడుందో కూడా అడగండి.

నేను ఇప్పుడు పని చేస్తున్న ఒక ఇల్లు గురించి చెప్పి ఆపుతాను. మహబూబాబాద్ పట్టణం, స్టేషనుకు దగ్గర. ఒంటరి ఆడమనిషి, డెబ్బై దాటింది, పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఇల్లు పూర్తిగా ఆమె పేరునే ఉంది. కొనేవాళ్లు మంచి ధరే ఇస్తున్నారు. చెల్లెలి కూతురు దగ్గరికి పోయి ఉండాలని ఆమే అనుకుంది, అంతా ఆమె మాటే. నేను అక్కడ పడుకుని వచ్చాను, ఆ చెల్లెలి కూతురి ఇంట్లో ఆమెకు గది ఉందో లేదో చూసి వచ్చాను. కిటికీ ఉంది, బాత్రూము పక్కనే. కొనేవాళ్లు వారానికోసారి ఫోను చేస్తారు, ఏమన్నదని. మొన్న శనివారం పోయి మెల్లగా అడిగాను. పెరట్లో చింతచెట్టు కింద కూర్చుని కాయలు ఏరుతోంది.

"తొక్కు పెట్టినంక చెప్త తియ్" అన్నది. నేనూ కూర్చుని కొన్ని ఏరాను.