దగ్గును దుమ్ము మీదికి నెట్టకండి
(కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి తర్వాత. ముందు దగ్గు సంగతి మాట్లాడుకుందాం. సాంచాల మధ్య బతికే మనకు దగ్గు కొత్త కాదు. పత్తి దుమ్మే అనుకుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని షిఫ్టుకు పోతాం. దుమ్ముతో ఊపిరితిత్తులు చెడుతున్న మాట నిజం, దానికి యాజమాన్యాలే జవాబు చెప్పాలి. అయితే రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది టీబీ కావచ్చు. టీబీ తేలినవారికి హెచ్ఐవి పరీక్ష కూడా చేయించాలి.

ఈ రెండు జబ్బులకూ పొత్తు ఎక్కువ. హెచ్ఐవి ఒంట్లోని రక్షణ శక్తిని తినేస్తుంది. లోపల అణిగి ఉన్న టీబీ అప్పుడు లేస్తుంది. మన దేశంలో హెచ్ఐవి ఉన్నవారిని ఎక్కువగా చంపేది టీబీయే. పైగా వీరి కఫంలో క్రిములు సూక్ష్మదర్శినికి చిక్కకపోవచ్చు. కాబట్టి ఒక్క పరీక్షలో లేదన్నారని ఊరుకోవద్దు, ఎక్స్‌రే, జన్యు పరీక్ష అడగండి.

దేశంలో హెచ్ఐవి మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. ఇప్పుడు సుమారు 25 లక్షల మందికి ఉందని అంచనా. పెద్దల్లో వెయ్యికి ఇద్దరు. కానీ దేశమంతా ఒకే తీరు లేదు. శాతంలో మిజోరం ముందుంది, సంఖ్యలో మహారాష్ట్ర. ఆ తర్వాత ఆంధ్ర, కర్ణాటక. మనవాళ్ళు పొట్ట చేతపట్టుకు తిరిగే దారులే ఇవి! రోగుల్లో నూటికి నలభై మందికి పైగా స్త్రీలు. వీరిలో చాలామందికి అది భర్త నుంచే వచ్చింది. ఆమెను నిందించే నోళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకే నాడెను నోటితో పీల్చినా, ఒకే కుండలో నీళ్ళు తాగినా హెచ్ఐవి రాదు. 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. మానకుండా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థితికి వస్తే సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు. టీబీ మందులతో కలిపి వాడేటప్పుడు మోతాదు మారుతుంది. రెండు జబ్బుల సంగతీ డాక్టరుకు చెప్పాలి.

ఉద్యోగం పోతుందని పరీక్షకు భయపడేవారు చాలామంది. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. హెచ్ఐవి ఉందన్న ఒక్క కారణంతో పనిలోంచి తీసేయకూడదు. పనిలో చేరడానికి ఆ పరీక్ష షరతుగా పెట్టకూడదు. ఒప్పుకోలు లేకుండా సంగతి బయటపెట్టకూడదు. వందమంది, ఆపైన ఉన్న చోట ఫిర్యాదుల అధికారిని నియమించాలి. చిన్న షెడ్లకు ఆ అధికారి లేడు గాని, చట్టం మాత్రం ఉంది.

సలహాకు 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. యూనియన్ ఆఫీసుకు వస్తే ఏ జబ్బని మేము అడగం. పరీక్షకు వెళ్ళిన పూట కూలి కోస్తే మాత్రం ఆ షెడ్డు పేరు చెప్పండి.