మూడు దారుల కాజీపేట

1889లో సికింద్రాబాద్ నుంచి నిజాం రైలుమార్గం బెజవాడ చేరినప్పుడు కాజీపేట ఆ దారిలో ఒక మజిలీ. దాని రాత మార్చింది అక్కడి నుంచి బల్లార్షాకు వెళ్లే లైను. సింగరేణి బొగ్గుగనుల సీమ మీదుగా, రామగుండం దాటాక గోదావరిని దాటి సాగే ఆ లైను 1929లో పూర్తయింది. ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. ఉత్తరాదినీ దక్షిణాదినీ ఇంత దగ్గర చేసిన లైన్లు మన నేల మీద అరుదు!

డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజన్లకు ఇక్కడ వేర్వేరు షెడ్లున్నాయి. ఎన్నో కుటుంబాలకు రైలే అన్నం పెట్టింది. ఏళ్ల తరబడి అడిగితే, 2023లో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది.

ప్రయాణికులకో మాట. ఢిల్లీ-చెన్నై రైళ్లు చాలావరకు కాజీపేటలో కాక, వరంగల్‌లో ఆగుతాయి. టికెట్‌పై స్టేషన్ పేరు చూసుకుని బయల్దేరండి.