పాలలోని చక్కెర, రైతు చేతికొచ్చే ధర

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత పాడి రైతుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల కేంద్రం చీటీ మీద రెండు అంకెలుంటాయి: వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వెన్న సంగతి మనకు తెలుసు. రెండోది, పాలలో నీరు, వెన్న పోను మిగిలే పదార్థం. బర్రె పాలలో ఇది 9 శాతానికి, ఆవు పాలలో 8.3 శాతానికి తగ్గకూడదు. ఇందులో సగానికి పైగా లాక్టోజే, అంటే పాలలో సహజంగా ఉండే చక్కెర.

మేత మారితే వెన్న మారుతుంది. లాక్టోజ్ అంత సులువుగా మారదు. అది బాగా తగ్గిందంటే నీళ్లన్నా కలవాలి, పశువుకు పొదుగువాపన్నా రావాలి. పొదుగువాపులో లాక్టోజ్ తగ్గి ఉప్పు పెరుగుతుంది. అందుకే ఆ పాలు ఉప్పగా ఉంటాయి. ఎస్.ఎన్.ఎఫ్. వరుసగా పడిపోతుంటే ముందు పొదుగు చూపించండి.

పశువు బాగుండి, నీళ్లు కలపకపోయినా అంకె తగ్గితే? అప్పుడు కొలతను అడగాలి. లాక్టోమీటర్ చక్కెరను కొలవదు, పాల సాంద్రతను చూపుతుంది. 27 డిగ్రీలకు తయారైన లాక్టోమీటర్‌ను 35 డిగ్రీల పాలలో వేస్తే, డిగ్రీకి సుమారు 0.2 చొప్పున రీడింగ్ 1.6 తగ్గుతుంది. ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలో రీడింగ్‌ను నాలుగుతో భాగిస్తారు. అంటే 0.4 శాతం పోయినట్టే. 9 ఉన్న పాలు 8.6 అవుతాయి. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. మిషన్ పెట్టినచోట కూడా దాన్ని సరిచూడకపోతే ఇదే గతి.

రీడింగ్ పెంచడానికి పంచదార కలిపితే రిసార్సినాల్ పరీక్షలో ఎర్రరంగు వచ్చి దొరికిపోతారు. ఆ పని ఎవరూ చేయొద్దు.

పాలు కేంద్రానికి ఆలస్యంగా చేరితే సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను ఆమ్లంగా మారుస్తాయి, పాలు విరుగుతాయి. ఇంట్లో తోడు వేసినప్పుడు జరిగేదీ అదే. అయితే పెరుగులో చక్కెర పూర్తిగా పోదు, చాలా భాగం మిగులుతుంది. పాలు పడనివారికి పెరుగు పడటానికి ఆ తగ్గిన భాగం ఒక కారణం. పెరుగు ప్యాకెట్ మీద ‘మొత్తం చక్కెరలు’ అని ఉంటే అందులో లాక్టోజ్ కూడా ఉంటుంది. కలిపిన చక్కెరను వేరుగా చూపుతారు. మన పెరుగు కొనేవారికి ఈ తేడా చెప్పండి.

సంఘంగా మనం అడగాల్సినవి నాలుగు. పరీక్ష రైతు కళ్ల ముందే జరగాలి. పాల వేడిని కొలిచి లెక్క సరిచేయాలి. మిషన్‌ను ఎప్పుడు సరిచూశారో కేంద్రంలో రాసిపెట్టాలి. రైతు ఒప్పుకోకపోతే రెండో నమూనా తీసి మళ్లీ పరీక్షించాలి. చీటీలు పారేయకండి, దాచిపెట్టండి. రేపు మన వాదనకు అవే సాక్ష్యం.