టైకో నేర్చుకోవాలా? ముందు కర్రలు పక్కన పెట్టండి

పోయిన వీడియో చివర్లో నేను టైర్‌ని కర్రలతో కొడుతున్న క్లిప్ చూసి, "బ్రో, జాబ్ మానేసి పంక్చర్ షాప్ పెట్టావా?" అని చాలామంది అడిగారు. లేదు బాబూ, అది టైకో ప్రాక్టీస్!

టైకో అంటే జపనీస్‌లో డ్రమ్ అని అర్థం, అంతే. పండగల్లో, గుళ్లలో, నాటకాల్లో వందల ఏళ్లుగా ఉంది. కానీ పది మంది నిలబడి కలిసి వాయించే స్టైల్ మన రీల్స్‌లో కనిపిస్తుంది చూడండి, అది కొత్తదే. నగానో ప్రాంతంలో దైహచి ఒగుచి అనే జాజ్ డ్రమ్మర్ 1951లో మొదలుపెట్టారు. డ్రమ్ కిట్‌లో ఒక్కోదానికీ ఒక్కో పని ఉంటుంది కదా, అలా రకరకాల సైజుల టైకోలను కలిపి టీమ్ చేశారు. దాన్నే కుమి-దైకో అంటారు. 1960ల చివర్లో అది అమెరికా చేరింది. శాన్ హోసేలో 1973 నుంచే గ్రూప్ ఉంది. నా ఆన్‌సైట్ పడింది ఆ ఊళ్లోనే. అలా ఒక శనివారం బిగినర్స్ క్లాస్‌కి వెళ్లా.

అసలు డ్రమ్ ముట్టుకోనివ్వలేదు. ప్యాకింగ్ టేప్ బిగించి చుట్టిన పాత టైర్ ఇచ్చారు. చేతికి రెండు లావుపాటి కర్రలు, వాటిని బచి అంటారు. మనం నిమజ్జనాల్లో ఊగిన బ్యాచ్ కదా, ఇంకేముంది, పూనకం వచ్చినట్టు బాదేశా. రెండు అరచేతుల్లో బొబ్బలు. సోమవారానికి కుడి మణికట్టు వాచి మౌస్ కదపలేకపోయా. ఆ వారమే రిలీజ్ ఉంది! నాకు అన్నం పెట్టేది ఈ చేతులే, ఇదంతా అవసరమా అని మానేద్దామనుకున్నా.

నెక్స్ట్ క్లాస్‌లో టీచర్ నా చేతులు చూసి, బచి కింద పెట్టించి, నన్ను సరిగ్గా నిలబెట్టడంతో మొదలుపెట్టింది. ఎడమ కాలు ముందుకు వేసి మోకాలు వంచాలి. కుడి కాలు వెనక్కి చాపాలి. బరువు నడుము కిందకి దిగాలి. భుజాలు వదులుగా ఉండాలి. బచిని ఎంత గట్టిగా పట్టుకోవాలంటే, నడుస్తూ ఫోన్ పట్టుకుంటాం చూడండి, జారకుండా ఎంత కావాలో అంతే. చెయ్యి పైకెత్తి దాని బరువుతో దాన్ని పడనివ్వాలి, చివర్లో మణికట్టు కొంచెం కదిలితే చాలు. నేను చేసిందంతా రివర్స్! భుజం బిగించి, పిడికిలి బిగించి, డ్రమ్‌ని కిందకి నొక్కుతున్నా. కర్ర వెనక్కి ఎగిరే జోరంతా నా మణికట్టే తినేసింది.

ఆ తర్వాత నోటితో వాయించడం. దీన్ని కుచి షోగా అంటారు. మధ్యలో ఒక పెద్ద దెబ్బ "దొన్". అదే టైమ్‌లో రెండు చిన్న దెబ్బలు "దొకొ". అంచు మీద కొడితే "క". మృదంగం నేర్చుకునేవాళ్లు ముందు తకధిమి అని నోటితో చెప్తారు కదా, సేమ్. నోటికి రానిది చేతికి రాదు.

ఇప్పుడు నాతో పాటు తొడ మీద తట్టండి. బస్సులో ఉన్నవాళ్లు పక్కవాళ్ల తొడ మీద కాదు! దొన్, దొన్, దొకొ, దొన్. "దొ" కుడి చెయ్యి, "కొ" ఎడమ చెయ్యి. నాలుగు సార్లు చెయ్యండి, స్పీడ్ పెంచకుండా.

ఈజీ కదా? ఇప్పుడు రెండో దెబ్బ తీసేద్దాం. దొన్, సు, దొకొ, దొన్. "సు" అంటే ఖాళీ. కొట్టకూడదు, కానీ దాని టైమ్ దానికి ఇవ్వాలి. నేను చిత్తుగా ఫెయిలైంది ఇక్కడే. నాలుగో వారం అసలు డ్రమ్ ఇచ్చారు, నగాదో అని, పీపాలా ఉంటుంది. అందరం కలిసి మొదలుపెట్టాం. "సు" దగ్గర రూమ్ అంతా సైలెంట్, నా డ్రమ్ ఒక్కటే "దొన్" అంది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. ఖాళీ కనిపిస్తే చాలు, నా చెయ్యి ఆగదు.

టీచర్ తిట్టలేదు. "సు" దగ్గర గాలి పీల్చమంది, అదీ పక్కవాళ్లకి వినపడేలా. పన్నెండు మందిమి ఒకేసారి గాలి పీల్చాం, ఒకేసారి వదిలాం, తర్వాతి "దొకొ" ఒకటే చప్పుడుగా పడింది. నా కాళ్ల కింద చెక్క ఫ్లోర్ వణికింది.

రోజూ పది నిమిషాలు, తొడ మీదో దిండు మీదో ట్రై చెయ్యండి. మణికట్టు నొప్పి పుడితే అక్కడే ఆపండి, నాలాగా పంతం వద్దు. గట్టిగా బిగించిన చిన్న డ్రమ్ ఉంటుంది, షిమే అని, దాని సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి, బై.